మీకు వీలైనప్పుడే

జూలై 3

చిన్నతాతయ్యకి,

ఉత్తరం మొదట్లో "నమస్కరించి రాయునది" అని ఉండాలట. అమ్మ పక్కన నిలబడి చెబుతోంది. నమస్కరించాను. రాస్తున్నాను.

నాకు డిగ్రీలో సీటు వచ్చింది! కామర్స్. కాలేజీకి వెళ్లక్కర్లేదు. ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్‌లో పాఠాలు వినాలి, అందులోనే పరీక్షలు రాయాలి. ఫీజు కూడా మేం కట్టగలిగేంతే. సంగతి తెలిసిన పూటే అమ్మ తను పనిచేసే ఆసుపత్రి లాండ్రీ అంతా చాటేసింది. అక్కడ దుప్పట్లు మడతపెట్టే వాళ్లందరి లెక్కలో నేను ఇప్పటికే ఆడిటర్‌ని. ఒకావిడ తన జీతంలో కోత ఎందుకు పడిందో చూసి చెప్పమని చీటీ కూడా పంపింది.

ఇక అసలు సంగతి. నాకు లాప్‌టాప్ కావాలి. కొత్తది కొనే స్తోమత మాకు లేదు. మీ గడియారాల కొట్టు వెనక వీధంతా పాత కంప్యూటర్ల దుకాణాలే కదా, మంచిదొకటి చూసి పెట్టండి. అమ్మ తనతో పనిచేసే ఆవిడ మేనల్లుడికి అప్పగిద్దామంది. నేనే ఒప్పుకోలేదు. "బాబాయికి కంప్యూటర్ల గురించి ఏం తెలుసే?" అంది. "కంప్యూటర్ల గురించి తెలియకపోతేనేం, వస్తువు గురించి తెలుసు" అన్నాను. ఇక నా పరువు మీ చేతిలో ఉంది.

ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ మీరు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతారు, అవతలివాళ్లు లైను తెగిందనుకుని పెట్టేస్తారు. ఉత్తరాల్లో మీకు నత్తి ఉండదు. నాకు ఉత్తరాల తాతయ్యే ఇష్టం.

డబ్బు అమ్మ మీ ఖాతాలో వేస్తుంది.

మీ పిచ్చుక

జూలై 7

పిచ్చుకకు,

ఉత్తరం అందింది. సంతోషం. మీ తాతయ్య ఉంటే వీధి వీధీ తిరిగి చెప్పేవాడు. మా అన్నకు ఆ నోరు ఉండేది. నాకు లేదు. కొట్టులో గడియారాలకు చెప్పాను.

నిన్న వెనక వీధికి వెళ్లాను. ఒక దుకాణాన్ని ఒక అమ్మాయి నడుపుతోంది. దళసరి కళ్లద్దాలు. అందరూ ఆమెను కళ్లజోడు అనే పిలుస్తున్నారు, ఆమె పలుకుతోంది. నేను గుమ్మంలో నిలబడి ఉంటే లోపలికి రమ్మంది. ఏం కావాలి తాతా అంది. నాకు మాట రాలేదు. కాగితం మీద రాసిచ్చాను. నవ్వలేదు. మంచి పిల్ల.

ర్యామ్ అంటే ఏమిటో నాకు ఎక్కలేదు. నా పనిబల్ల ఎంత ఉంటుందని అడిగింది. చేతులు చాపి చూపించాను. ర్యామ్ అంటే అదే తాతా, బల్ల ఇరుకైతే ఒక గడియారం విప్పాక రెండోది పెట్టుకోలేవు కదా అంది. అర్థమైంది. కొత్తవాటిలో చవకవి ఉన్నాయి, వాటిలో బల్ల ఇరుకు. అంతకంటే ఆఫీసుల్లో వాడి తీసేసినవి మేలట. బల్ల వెడల్పు, ఒళ్లు గట్టి.

ఆమె నిన్ను అడగమన్నవి ఇవి. ఆటలు ఆడతావా. కెమెరా కావాలా. కరెంటు లేకుండా ఎంతసేపు నడవాలి. మోసుకుని తిరుగుతావా, ఒకచోటే పెడతావా.

రాసి పంపు. ఉంటాను.

చిన్నతాత

జూలై 11

చిన్నతాతయ్యకి,

ఆటలు ఆడను. కెమెరా తప్పనిసరి. పరీక్ష రాసేటప్పుడు మన ముఖం వాళ్లకు కనిపిస్తూ ఉండాలట, పక్కచూపులు చూస్తే పట్టేసుకుంటుందట. ఎవరు పట్టుకుంటారు అని అమ్మ అడిగింది. యంత్రమే అన్నాను. "నన్ను మా సూపర్‌వైజర్ పట్టుకున్నట్టా?" అంది.

మోసుకుని తిరగను. మా గది మీకు తెలుసు కదా, ఒక్క ప్లగ్గు, అది తలుపు వెనక. తలుపు తీస్తే తీగ నలుగుతుంది. క్లాసులు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా. అదే వేళకు కింద వాటాలో వాళ్లు ఇస్త్రీపెట్టె పెడతారు, మా ఇంట్లో ఫ్యూజు పోతుంది. కాబట్టి బ్యాటరీ మూడు గంటలు ఆగితే చాలు. ఎస్ఎస్‌డీ ఉన్నదే తీసుకోమని నా స్నేహితురాలు చెప్పింది. కళ్లజోడు గారిని అడిగితే దానికి కూడా మీ కొట్టులోంచే ఏదో ఒకటి చూపించి చెబుతుంది.

క్లాసులు ఇరవయ్యో తారీఖున మొదలు. అలాగని మీరు కంగారుపడకండి. ఎండలో తిరగకండి. మీకు వీలైనప్పుడే చూడండి తాతయ్యా.

మీ పిచ్చుక

జూలై 19

పిచ్చుకకు,

ఎస్ఎస్‌డీ అంటే సొరుగు. పాతరకం సొరుగు తిరుగుతూ తెరుచుకుంటుంది, ఇది చప్పుడు లేకుండా తెరుచుకుంటుంది. అలా చెప్పింది.

ఒకటి తెచ్చాను. వెనక్కి ఇచ్చేశాను.

నా పద్ధతి నీకు తెలుసు. గడియారం బాగుచేసిన రోజున ఎవరికీ ఇవ్వను. గోడకు తగిలిస్తాను. పగలూ రాత్రీ నడవనిస్తాను. బల్ల మీద బాగా నడిచినది గోడ మీద నడవకపోవచ్చు. మా గురువు ఇంతే చేసేవాడు, నేనూ ఇంతే. లాప్‌టాప్‌ను కూడా అలాగే బల్ల మీద నడవనిచ్చాను. నాలుగో రోజున చెవి ఆనించి విన్నాను. లోపలి ఫ్యాను ఒక చుట్టుకు ఒకసారి తగులుతోంది. బయటికి తెలియదు. చెవికి తెలుస్తుంది.

కళ్లజోడు నా ముఖం చూసి, "తాతా, ఇది లాప్‌టాప్, అల్లుడు కాదు, ఇంత పరీక్షగా చూడ్డానికి" అంది. అయినా మార్చి ఇచ్చింది. రెండోది తెచ్చాను. బూడిద రంగు. మీటలు మెత్తగా ఉన్నాయి. ఎనిమిది ర్యామ్. కెమెరాలో నా ముఖం చూసుకున్నాను. ముసలివాణ్ణి అయ్యాను.

ఇప్పుడు ఇది నడుస్తోంది. చూస్తున్నాను.

చిన్నతాత

జూలై 24

చిన్నతాతయ్యకి,

మీ ఉత్తరం లాండ్రీలో పైకి చదివిందట అమ్మ. "అల్లుడు కాదు" దగ్గర అందరూ పడీపడీ నవ్వారట. నెలలు నిండని పిల్లల దుప్పట్లు మడతపెట్టే ఆవిడ తన అల్లుణ్ణి తెచ్చే ముందు మీ చేత చెవి ఆనించి వినిపించాల్సిందని ఇప్పుడు బాధపడుతోందట.

క్లాసులు మొదలయ్యాయి. అమ్మ ఫోన్‌లో వింటున్నాను. అక్షరాలు చీమల్లా ఉంటాయి, అయినా ఫరవాలేదు. అకౌంట్స్ చెప్పే ఆయనకు విపరీతమైన దగ్గు. రెండు మాటలు, ఒక దగ్గు. మేం ఆయనకు దగ్గు మాస్టారని పేరు పెట్టాం. కానీ ఎంత బాగా చెబుతారో! ఒక టీకొట్టు పెట్టి, దాన్ని ముంచి, మళ్లీ లేపి, ఆ వంకతో పాఠమంతా చెప్పేశారు.

బూడిద రంగంటే నాకు ఇష్టం. ఎలా నడుస్తోంది? ఊరికే అడుగుతున్నాను. తొందరేం లేదు.

మీ పిచ్చుక

జూలై 31

పిచ్చుకకు,

బాగా నడుస్తోంది. ఫ్యానులో తగులు లేదు. బ్యాటరీ మూడు గంటలు దాటి ఆగింది. మూత కీలు గట్టిగా ఉంది. పంపేద్దామని అట్టపెట్టె కూడా తెచ్చాను.

అప్పుడు ఒకటి కనిపించింది. తెర మీద కింది మూలన టైము చూపిస్తుంది కదా. పొద్దున తెరిస్తే గోడ గడియారం కంటే రెండు నిమిషాలు వెనక ఉంది. సరిచేశాను. మర్నాడు మళ్లీ వెనకే.

కళ్లజోడుకు చూపించాను. "నెట్ తగలగానే అదే దిద్దుకుంటుంది తాతా, ఎవరూ పట్టించుకోరు" అంది. కావచ్చు. కానీ ఎవరో దిద్దితే సరిపోయేదాన్ని నేను గడియారం అనను. నా చేతి మీదుగా టైము తప్పేది ఒక్కటీ బయటికి వెళ్లలేదు. నీకు వెళ్లేది అలా వెళ్లకూడదు.

ఆమె అడుగు మూత విప్పి చూపించింది. లోపల చిన్న బిళ్ల బ్యాటరీ ఉంది. చేతి గడియారాల్లో వేసే బిళ్లకు పెద్దన్న. అది నీరసించింది. ఇది నాకు తెలిసిన పనే. ఆమెను పక్కకు జరగమని నేనే మార్చాను. చెయ్యి వణకలేదు.

ఇప్పుడు మళ్లీ నడవనిచ్చి చూడాలి.

దగ్గు మాస్టారుకు వేడినీళ్లు తాగమని చెప్పు.

చిన్నతాత

ఆగస్టు 4

చిన్నతాతయ్యకి,

ఉత్తరం చూసుకుని సంతోషపడ్డాను. చెయ్యి వణకలేదని రాశారు చూడండి, అది రెండుసార్లు చదివాను.

మొదటి పరీక్ష పద్దెనిమిదో తారీఖున పెట్టారు. అది ఫోన్‌లో తెరుచుకోదట, కంప్యూటర్ ఉండాలట. ఆలోగా పంపగలిగితే మంచిదే. కుదరకపోయినా ఫరవాలేదు, అమ్మతో పనిచేసే ఆవిడ మేనల్లుడు ఉన్నాడుగా, అతని దగ్గర లాప్‌టాప్ ఉంది. మీరు ఇబ్బంది పడకండి. మీకు వీలైనప్పుడే పంపండి.

అమ్మకు నడుం నొప్పి మళ్లీ వచ్చింది. తడి దుప్పట్లు ఎత్తితే రాదా మరి. మీరు దిగులు పెట్టుకోకండి.

మీ పిచ్చుక

ఆగస్టు 13

పిచ్చుకకు,

కొత్త బిళ్ల వేశాక టైము నిలిచింది. అయితే మొన్న మా వీధిలో కరెంటు పోయింది, వచ్చింది, పోయింది. ఆ తర్వాత చూస్తే అర నిమిషం తేడా. నేను దిద్దేటప్పుడే పొరబడ్డానా, యంత్రం తప్పిందా తేల్చుకోవాలి. మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాను.

మేనల్లుడి దగ్గర ఉందని రాశావు. మంచిది. లేకపోతే ఇలాగే పంపేసేవాణ్ణి. తర్వాత నువ్వు టైము చూసుకున్నప్పుడల్లా నాకు ముళ్లమీద కూర్చున్నట్టు ఉండేది.

మీ అమ్మను బరువులు ఎత్తవద్దను.

చిన్నతాత

ఆగస్టు 16

చిన్నతాతయ్యకి,

సరే తాతయ్యా. అలాగే చేయండి.

పిచ్చుక

ఆగస్టు 22

పిచ్చుకకు,

పంపాను. పార్శిల్ ఆఫీసులో నేనే దగ్గరుండి కట్టించాను. లోపల పాత చొక్కాలు చుట్టూ కుక్కాను, ఉతికినవే. గోడ గడియారంతో ఒక్క క్షణం తేడా లేదు. నెట్ లేకుండా చూడు, తెలుస్తుంది.

పరీక్ష ఎలా రాశావు?

పెట్టె బయటికి వెళ్లాక బల్ల ఖాళీగా ఉంది.

చిన్నతాత

ఆగస్టు 27

చిన్నతాతయ్యకి,

అందింది. ఎంత బాగుందో. అమ్మ ముందు చొక్కాలు తీసి వాసన చూసి ఏడ్చింది, వాళ్ల నాన్న వాసనే వస్తోందట. టైము సరిగ్గా ఉంది. నెట్ లేకుండానే చూశాను.

పరీక్ష బాగానే రాశాను.

మీరు ఇంత శ్రమ పడ్డారు. మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఆరోగ్యం జాగ్రత్త.

మీ పిచ్చుక

సెప్టెంబర్ 5

పిచ్చుకకు,

నీ ఉత్తరం చిన్నదిగా ఉంది. చదువు ఒత్తిడి అనుకున్నాను.

ఒక మాట రాస్తాను. మీ అమ్మకు చెప్పకు. కొట్టుకు ఎవరూ రావడం లేదు. అందరికీ ఫోన్‌లోనే టైము ఉంది. అప్పుడప్పుడు ఎవరో పట్టీ మార్చమని వస్తారు. మిగతా వేళంతా కూర్చుంటాను. నీ లాప్‌టాప్ బల్ల మీద ఉన్నన్నాళ్లూ పొద్దున తాళం తీయబుద్ధి అయ్యేది. ఈ రోజు ఎలా నడుస్తుందో చూడాలని త్వరగా వచ్చేవాణ్ణి. పక్క కొట్టువాళ్లు కూడా వచ్చి చూసేవాళ్లు. మా మనవరాలి డిగ్రీ అని చెప్పేవాణ్ణి. ఆ మాట తడబడకుండా వచ్చేది.

ఇప్పుడు ఏ పాఠం జరుగుతోంది? దగ్గు మాస్టారుకు తగ్గిందా? వివరంగా రాయి. ఒక రోజు వచ్చి నీ వెనక కూర్చుని ఒక క్లాసు వినాలని ఉంది. మాట్లాడను.

చిన్నతాత

సెప్టెంబర్ 14

చిన్నతాతయ్యకి,

ఇప్పుడు తరుగుదల అనే పాఠం జరుగుతోంది. ఒక వస్తువు కొన్న రోజున దానికి ఒక విలువ ఉంటుంది. వాడుతున్న కొద్దీ ఏటేటా కొంత తగ్గిస్తూ రాయాలి. వస్తువు బాగానే పనిచేస్తున్నా సరే, తగ్గించాల్సిందే. ఆఖరికి ఏమీ మిగలనట్టు రాస్తారు. మీ గడియారాలకు ఇది వర్తించదని నేను మాస్టారితో వాదించాను. ఆయన దగ్గుతూనే నవ్వారు. దగ్గు కొంచెం తగ్గింది.

మీరు తప్పకుండా రండి, కానీ ఇప్పుడు వద్దు. ఈ నెలంతా పరీక్షలు. ఆ తర్వాత నేనే రాస్తాను.

కొట్టు సంగతి అమ్మకు చెప్పను. మీరు వేళకు తినండి.

మీ పిచ్చుక

సెప్టెంబర్ 29

పిచ్చుకకు,

మీ అమ్మ వచ్చి వెళ్లింది.

మధ్యాహ్నం వచ్చింది. కొట్టుకు వచ్చినవాళ్ల కోసం వేసిన స్టూలు మీద కూర్చుంది. నడుం నిలబెట్టలేకపోతోంది, గోడకు చేరగిలబడింది. చేతులు వేడినీళ్లకు తెల్లగా నానిపోయి ఉన్నాయి. సంచిలోంచి లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టింది. "బాబాయ్, ఆ కళ్లజోడు అమ్మాయి దీన్ని వెనక్కి తీసుకుంటుందా?" అంది.

పాడైందా అన్నాను.

"లేదు బాబాయ్, నిక్షేపంలా ఉంది."

మరి ఎందుకమ్మా అన్నాను. అప్పుడు చెప్పింది. నువ్వు మొదటి పరీక్ష రాయలేదని. రాయనివాళ్ల పేరు తీసేశారని. నెల పైనుంచి లాండ్రీలో ఇస్త్రీ విభాగానికి వెళుతున్నావని. ఆమె నాకు ఏమీ అనలేదు. "నీ తప్పేం లేదు బాబాయ్, త్వరగా కావాలని అది అడగలేదు" అంది. అంతే అంది.

నేను ఏదో చెప్పాలని చూశాను. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. ఆమె చాలాసేపు ఎదురుచూసింది. బస్సు వేళైపోతే వెళ్లిపోయింది.

లాప్‌టాప్ ఇక్కడే ఉంది. కళ్లజోడు దగ్గరకు తీసుకెళ్లలేదు. తెరవలేదు కూడా.

తరుగుదల పాఠం ఎవరు చెప్పారు?

చిన్నతాత

అక్టోబర్ 6

తాతయ్యా,

అమ్మ మీ దగ్గరకు వచ్చిందని మీ ఉత్తరం చూశాకే తెలిసింది. లాప్‌టాప్ పెట్టె నేను తెరవడం మానేశాను, అది ఖాళీ అయిందని గమనించలేదు. ఇంట్లో పెద్ద గొడవైంది. అది వదిలేయండి.

తరుగుదల పాఠం పుస్తకంలోంచి రాశాను. అమ్మ ముందే కొన్న పుస్తకం. దగ్గు మాస్టారు మాత్రం నిజం. మొదట్లో కొన్ని క్లాసులే విన్నాను. ఆగస్టులో అమ్మకు సాయంత్రం షిఫ్టు వేశారు, ఫోన్ ఆమెతో వెళ్లిపోయేది. ఆయనకు తగ్గిందో లేదో నాకు తెలియదు.

మేనల్లుడు ముందు సరేనన్నాడు. పరీక్ష ముందు రోజున వాళ్ల అక్క ఇంటికి వెళ్లిపోయాడు, లాప్‌టాప్‌తో సహా. బజార్లో నెట్ సెంటర్‌కు పరిగెత్తాను. అక్కడ కెమెరాలో నా ముఖం నల్లటి మరకలా వచ్చింది. "అభ్యర్థి కనిపించడం లేదు" అని తెర మీద పడింది. కిటికీ వైపు జరిగాను. దీపం వేయమన్నాను. ఆ సెంటరాయన తన ఫోన్ దీపం నా ముఖం మీద వేసి పట్టుకున్నాడు పాపం, చెయ్యి నొప్పి పుట్టేదాకా. కనిపించడం లేదు, కనిపించడం లేదు అని అదే మాట. నేను అక్కడే కూర్చుని ఉన్నాను తాతయ్యా. సమయం అయిపోయిందని వచ్చింది. లేచి ఇంటికి వచ్చేశాను.

కాలేజీకి మెయిల్ పెట్టాను. నిబంధన అన్నారు.

ఇప్పుడు కోపంగా ఒకటి రాస్తాను. రాయకపోతే మీకు ఇంకెప్పుడూ ఉత్తరం రాయలేననిపిస్తోంది. నాకు రెండు నిమిషాలు వెనక ఉన్న లాప్‌టాప్ చాలు. రెండు గంటలు వెనక ఉన్నా చాలు. ఫ్యాను తగిలినా చాలు. ముఖం కనిపిస్తే చాలు. "మీకు వీలైనప్పుడే" అంటే రేపే అని. "తొందరేం లేదు" అంటే ప్రాణం మీదికి వచ్చిందని. పెద్దవాళ్లకు త్వరగా చేయమని చెప్పకూడదని అమ్మే నేర్పింది నాకు. మీరు అది పట్టుకుని అలాగే నమ్మారు. నన్ను ఒక్కసారి "పిచ్చుకా, ఎప్పటికి కావాలి?" అని అడిగి ఉంటే!

చూడండి, ఇది రాసి లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చాను. మీరు అడగలేదు, నిజమే. నేను చెప్పలేదు, అదీ నిజమే. తర్వాత అబద్ధాలు కూడా రాశాను. మీకు తెలిస్తే ఆ బల్ల ముందు కూర్చోలేరని భయపడ్డాను. బల్ల మీద పని ఉండడం మీకు ఎంత సంతోషమో మీరు రాశాక నాకు ఇంకేం చెప్పే దారి లేకపోయింది.

ఇస్త్రీ విభాగంలో ఆవిరి ఎక్కువ. నా కళ్లు ఎర్రగా ఉంటే అందరూ ఆవిరి అనుకుంటారు. అది ఒక సుఖం.

పిచ్చుక

అక్టోబర్ 17

పిచ్చుకకు,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. కోపం ఉన్న చోట ఎక్కువసార్లు. అది సరైన కోపం.

నిన్న కాలేజీ వాళ్ల కేంద్రానికి వెళ్లాను. మా ఊళ్లో ఒకటి ఉంది, పెద్ద ఆసుపత్రి ఎదురుగా, రెండో అంతస్తు. కాగితం మీద రాసుకుని వెళ్లలేదు. కావాలనే. నా వెనక వరుస పెద్దది. కిటికీ దగ్గర మాట ఆగింది. గుమాస్తా "ఏం కావాలి పెద్దాయనా, త్వరగా" అన్నాడు. ఇంకా ఆగింది. వెనక ఎవరో నవ్వారు. ఎవరో "ముసలాయన పాట మొదలుపెట్టేలోగా మనం ఇంటికెళ్లొచ్చు" అన్నారు. నేను కదలలేదు. మా మనవరాలు పరీక్ష రాయలేదు, తప్పు నాది, ఆమెది కాదు, మళ్లీ చేర్చుకోండి అని చెప్పాను. అంతా చెప్పాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. చివరికి ఎవరూ నవ్వలేదు.

ఈ ఏడు కుదరదు అన్నాడు. మెత్తగానే అన్నాడు. జూన్‌లో మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చట. కట్టిన ఫీజు రాదట.

అక్కడ ఒక గదిలో అద్దం తలుపు వెనక పిల్లలు వరుసగా కూర్చుని లాప్‌టాప్‌లలో రాస్తున్నారు. మెట్లు దిగే ముందు కాసేపు చూశాను.

ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను. ముందే అడగాల్సింది. నీకు ఇంకా చదవాలని ఉందా?

నన్ను బాధపెట్టకూడదని రాయకు. మీ అమ్మ కోసం రాయకు. ఉంటే ఉందని రాయి. లేకపోతే లేదని రాయి. దాన్ని బట్టి ఈ లాప్‌టాప్ సంగతి చూస్తాను.

చిన్నతాత

అక్టోబర్ 21

చిన్నతాతయ్యకి,

మీరు కిటికీ దగ్గర నిలబడడం నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. అది చదివి అమ్మ, నేను మాట్లాడుకున్నాం. చాలా రోజులకు.

అమ్మ నడుముకు స్కానింగ్ తీశారు. బరువు పని మానేయాలన్నారు. మందులు, పట్టీ, వారానికి రెండుసార్లు వ్యాయామం చేయించే అతను. ఇక నుంచి నా జీతం ఒక్కటే. జూన్‌కి కూడా ఇదే పరిస్థితి ఉంటుంది. ఆ తర్వాతి జూన్ సంగతి నాకు తెలియదు.

కాబట్టి లాప్‌టాప్ కళ్లజోడు గారికి ఇచ్చేయండి. ఈసారి తిన్నగా చెబుతున్నాను తాతయ్యా. వీలైనప్పుడు కాదు. ఈ వారంలోనే ఇచ్చేయండి. వచ్చిన డబ్బు అమ్మ ఖాతాలో వెంటనే వేయండి, సోమవారం మందులు కొనాలి.

మీరు అడిగింది మాత్రం ఇది కాదు. చదవాలని ఉందా అని అడిగారు.

ఉంది.

పిచ్చుక